గృహ ఈతకొలనులలో పసిపిల్లల మునక, దాని నివారణ

నివాస గృహాల ఆవరణలో శాశ్వతంగా కట్టిన కొలనులలో గాని, వేసవి కోసం తాత్కాలికంగా అమర్చుకొనే కొలనులలో గాని అయిదేళ్ళలోపు పిల్లలు ప్రమాదవశాత్తు మునిగిపోకుండా చూసేందుకు ఏర్పడిన నిర్మాణ నియమాలు, చట్టాలు, పర్యవేక్షణ పద్ధతులు, శిక్షణ, ప్రథమ చికిత్స మొదలైనవన్నీ ఈ శీర్షిక కిందికి వస్తాయి. ప్రజారోగ్య శాస్త్రంలో గాయాల నివారణ అనే శాఖకు చెందిన ఈ విషయం ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, అమెరికా సంయుక్త రాష్ట్రాలు, ఫ్రాన్స్ వంటి దేశాలలో, అంటే మధ్యతరగతి ఇళ్ళలో సైతం ఈతకొలను సామాన్యమైపోయిన చోట్ల, ప్రధానంగా 1970ల నుంచి రూపుదిద్దుకొంది. అప్పటి నుంచి సాగిన పరిశోధనలో తేలిన ముఖ్యాంశం ఒకటే: కొలనులో మునిగే పసివాడు సాధారణంగా వీధిలోంచి కాక ఇంట్లోంచే అక్కడికి చేరతాడు, కాబట్టి కొలనుకూ వీధికీ నడుమ ఉండే ప్రహరీ కంటే, కొలనుకూ ఇంటికీ నడుమ ఉండే కంచె ఎక్కువ ప్రాణాలను కాపాడుతుంది.

నిర్వచనం, పరిధి

2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ మహాసభలో రూపొంది, తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీకరించిన నిర్వచనం ప్రకారం, శరీరం ద్రవంలో పూర్తిగా మునగడం వల్ల గాని, ముఖమూ శ్వాసమార్గమూ ద్రవంలో ఉండిపోవడం వల్ల గాని శ్వాసక్రియకు ఆటంకం కలిగే ప్రక్రియను మునక అంటారు. ఈ నిర్వచనంలో మరణం ప్రస్తావన లేదు; మునక పర్యవసానం మరణం కావచ్చు, మెదడు దెబ్బతినడం వంటి శాశ్వత వైకల్యం కావచ్చు, ఏ హానీ లేకుండా బయటపడటమూ కావచ్చు. ‘పొడి మునక’, ‘ఆలస్య మునక’ వంటి పేర్లు పత్రికలలో ఇప్పటికీ కనిపిస్తున్నా, వైద్యశాస్త్రం వాటిని విడిచిపెట్టింది.

కొలను అంటే ఏమిటన్నది చట్టాన్ని బట్టి మారుతుంది. ఆస్ట్రేలియా రాష్ట్రాలలో 300 మిల్లీమీటర్లకు మించి నీరు నిలవగల ఏ కట్టడానికైనా, గాలి నింపి నిలబెట్టే ప్లాస్టిక్ తొట్టితో సహా, కంచె నిబంధన వర్తిస్తుంది. న్యూజీలాండ్‌లో ఈ హద్దు 400 మిల్లీమీటర్లు కాగా, అమెరికాలోని అనేక నగరాల నియమావళులలో 24 అంగుళాలు. రెండేళ్ళ పిల్లవాడు బోర్లా పడితే ముక్కూ నోరూ మునగడానికి ఇందులో ఏ లోతూ అవసరం లేదు. కొన్ని అంగుళాల నీరు చాలు. అందుచేత ఈ అంకెలను చట్టం అమలుకు గీసిన గీతలుగా చూడాలే తప్ప, వాటికి లోబడిన లోతులో ప్రమాదం ఉండదని అర్థం చేసుకోరాదు.

సమస్య విస్తృతి

ప్రపంచవ్యాప్తంగా 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారనీ, వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళలోపు పిల్లలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. ఈ మరణాలలో అత్యధిక భాగం అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలో, చెరువులలోనూ కాలువలలోనూ బావులలోనూ జరిగేవే కాబట్టి, గృహ ఈతకొలను సమస్య మొత్తం సమస్యలో చిన్న భాగం. అయితే సంపన్న దేశాల పసిపిల్లల విషయానికి వస్తే అదే పెద్ద భాగం. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల మరణాలకు మునకే మొదటి కారణం. ఆ వయసువారు ఎక్కువగా మునిగేది ఈతకొలనులలోనే. ఏడాదిలోపు శిశువులు స్నానపు తొట్టెలలోనూ, పెద్దపిల్లలూ యువకులూ నదులు, సరస్సులు, సముద్రాలలోనూ ఎక్కువగా మునుగుతుండగా, నడక వచ్చి, ఇంకా ఈత రాని వయసుకు కొలను ప్రత్యేక మృత్యుస్థానంగా నిలుస్తున్నది. అన్ని వయసులలోనూ ఆడపిల్లల కంటే మగపిల్లల మరణాలే ఎక్కువ.

ప్రమాదం జరిగే తీరును గురించి నేటికీ తరచుగా ఉదహరించే అధ్యయనాన్ని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం 1980లలో అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా రాష్ట్రాలలో జరిపింది. అయిదేళ్ళలోపు పిల్లల మునక సంఘటనలను పరిశీలించిన ఆ అధ్యయనంలో, 69 శాతం పిల్లలు ఆ సమయంలో కొలను దగ్గర ఉంటారని ఇంట్లోవారు ఎవరూ అనుకోలేదు. 77 శాతం పిల్లలు కనపడకుండాపోయి అయిదు నిమిషాలు గాని, అంతకంటే తక్కువ గాని అయింది. దాదాపు సగం మంది చివరిసారిగా ఇంటి లోపలే కనిపించారు. చాలా సందర్భాలలో తల్లిదండ్రులలో ఒకరో ఇద్దరో పిల్లవాడిని చూసుకొనే బాధ్యతలో ఉన్నారు. ఈ నాలుగు విషయాలనూ కలిపి చూస్తే, ఈత ఆడుతుండగా మునిగిన పిల్లల కథ కాదిది. భోజనమో ఫోను సంభాషణో సాగుతున్న మామూలు ఇంట్లో, తెరిచి ఉన్న వెనక తలుపు గుండా బయటికి నడిచిపోయిన పిల్లల కథ. నివారణ శాస్త్రం మొత్తం ఈ గుర్తింపు మీదే నిలిచింది.

మునక జరిగే విధానం

పసిపిల్లల శరీరంలో తల భాగం నిష్పత్తిలో పెద్దది, బరువైనది కావడం వల్ల గరిమనాభి పైభాగంలో ఉంటుంది. కొలను గట్టున వంగి నీటిలోని బొమ్మ కోసం చేయి చాచిన పిల్లవాడు తలకిందులుగా నీటిలోకి ఒరుగుతాడు. ఆ స్థితి నుంచి తలెత్తి, ఒళ్ళు నిలువుగా తిప్పుకొని, గట్టు పట్టుకోగల కండర బలం గాని సమన్వయం గాని మూడేళ్ళ వయసుకు సాధారణంగా ఉండదు.

మునిగేవారు కేకలు వేసి చేతులు ఊపుతారన్న ఊహ సినిమాలు నాటినది. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంచెస్కో పియా అక్కడి సంఘటనలను చిత్రీకరించి పరిశీలించి, ‘సహజ మునక ప్రతిస్పందన’ను వర్ణించాడు: నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ పోతుండగా దొరికిన క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు కాబట్టి పిలవడానికి వీలుండదు, చేతులు అప్రయత్నంగా పక్కలకు చాచుకొని నీటిని కిందికి నొక్కుతాయి, ఈ స్థితి 20 నుంచి 60 సెకన్లకు మించి నిలవదు. నీటిలో పడిన పసివాడిలో ఈ పెనుగులాట సైతం కనిపించకపోవచ్చు. చప్పుడు వినిపించలేదన్న మాట అనేక దుర్ఘటనల విచారణలో పెద్దలు చెప్పేదే, అది నిజం కూడా.

శరీరం లోపల జరిగేది ఇది: మొదట పిల్లవాడు ఊపిరి బిగబడతాడు, నీరు గొంతును తాకినప్పుడు స్వరపేటిక ముడుచుకొని శ్వాసమార్గం కొంతసేపు మూసుకుపోవచ్చు, రక్తంలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరిగి, చివరికి అసంకల్పితంగా ఊపిరి పీల్చగానే నీరు ఊపిరితిత్తులలోకి చేరుతుంది. వాయుకోశాలు ముడుచుకుపోకుండా నిలిపే జిగురు పొర ఆ నీటితో చెదిరిపోవడం వల్ల, బయటికి తీసిన తరువాత కూడా ఊపిరితిత్తులు సరిగా పనిచేయవు. ప్రాణవాయువు లోపంతో స్పృహ తప్పడం, గుండె వేగం మందగించడం, చివరికి ఆగిపోవడం వరుసగా జరుగుతాయి. మెదడుకు ప్రాణవాయువు అందకుండా నాలుగు నుంచి ఆరు నిమిషాలు గడిస్తే కోలుకోలేని నష్టం మొదలవుతుంది. పైన చెప్పిన ‘అయిదు నిమిషాలు’ అన్న అంకె ప్రాముఖ్యం ఇక్కడ అర్థమవుతుంది.

చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం తరువాత, తవ్విన గోతి గోడల మీద కాంక్రీటును గొట్టంతో చిమ్మి కొలను కట్టే చవక పద్ధతి వ్యాపించడంతో కాలిఫోర్నియా, ఫ్లోరిడా, ఆస్ట్రేలియా శివారు ప్రాంతాలలో పెరటి కొలను సంపన్నుల విలాసంగా మిగలక సామాన్య సౌకర్యంగా మారింది. పిల్లల మరణాలు దాని వెంటే పెరిగాయి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో జాన్ పియర్న్ అనే శిశువైద్యుడు, జేమ్స్ నిక్సన్ అనే పరిశోధకుడు 1970లలో జరిపిన అధ్యయనం ఈ విషయంలో తొలి శాస్త్రీయ పునాది వేసింది. పిల్లలు మునిగిన కొలనులలో చాలావాటికి పనికివచ్చే కంచె లేదని చూపి, ప్రచారం కంటే చట్టబద్ధమైన కంచె మేలని వారు వాదించారు. కొలను యజమానుల నుంచీ, ఆస్తిహక్కుల వాదుల నుంచీ వచ్చిన వ్యతిరేకత వల్ల క్వీన్స్‌లాండ్ రాష్ట్రవ్యాప్త చట్టానికి 1991 దాకా ఆగవలసి వచ్చింది. న్యూజీలాండ్ అంతకంటే ముందే, 1987లో, దేశమంతటికీ వర్తించే ఈతకొలనుల కంచె చట్టాన్ని చేసింది.

ఏ రకం కంచె అన్న ప్రశ్నకు జవాబు 1990లలో వచ్చింది. డయాన్ థాంప్సన్, ఫ్రెడరిక్ రివారా అంతకుముందు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి చేసిన కాక్రేన్ సమీక్ష, కొలనును నాలుగు వైపులా చుట్టి ఇంటి నుంచి కూడా వేరుచేసే ‘ఏకాంత కంచె’, ఇంటినీ కొలనునూ కలిపి చుట్టే ‘ప్రహరీ కంచె’ కంటే చాలా మెరుగైనదని తేల్చింది. మొదటి రకం ఉన్నచోట మునక ప్రమాదం రెండో రకంతో పోల్చితే సుమారు 83 శాతం తక్కువ. దీనికి మరోవైపు సాక్ష్యం లాస్ ఏంజెలిస్ కౌంటీ నుంచి వచ్చింది. 1990–1995 మధ్య అక్కడి పిల్లల మరణాలను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, స్థానిక కంచె శాసనాల వల్ల మునక మరణాల రేటు తగ్గినట్లు కనపడలేదు. ఆ శాసనాలు ఇంటి గోడనే కంచె నాలుగో వైపుగా అంగీకరించాయి. ఆ గోడకు తలుపులు ఉన్నాయి.

కంచె: నిర్మాణ ప్రమాణాలు

మంచి కంచె మూడు పనులు చేయాలి: పిల్లవాడు ఎక్కలేకుండా, దూరలేకుండా, తెరవలేకుండా ఉండాలి. ఆస్ట్రేలియా ప్రమాణం ఏఎస్ 1926.1 ప్రకారం కంచె కనీస ఎత్తు 1200 మిల్లీమీటర్లు; నేలకూ కంచె అడుగుకూ మధ్య గాని, నిలువు కమ్ముల మధ్య గాని సందు 100 మిల్లీమీటర్లకు మించరాదు. అమెరికా భద్రతా సంఘం మార్గదర్శకాలు కనీస ఎత్తును 48 అంగుళాలుగా, కమ్ముల మధ్య సందును 4 అంగుళాల లోపుగా సూచిస్తాయి. అరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రాలు 5 అడుగుల ఎత్తును కోరతాయి. నాలుగు అంగుళాల సందు ఎంపిక యాదృచ్ఛికం కాదు. పసిపిల్లల తలా మొండెమూ అందులోంచి దూరవు. అడ్డ కమ్ములు ఒకదానికొకటి 45 అంగుళాల కంటే దగ్గరగా ఉన్నప్పుడు అవి నిచ్చెన మెట్లుగా పనిచేస్తాయి కాబట్టి, వాటిని కొలను వైపే బిగించి, నిలువు కమ్ముల సందును ఒకటీ ముప్పావు అంగుళాలకు (1¾ అంగుళాలకు) తగ్గించి పాదం ఆనే చోటు లేకుండా చేయాలని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి.

ఎక్కడాన్ని ఆపడానికి కంచె ఎత్తు ఒక్కటే చాలదు. ఆస్ట్రేలియా ప్రమాణంలో కంచెను ఆనుకొని 900 మిల్లీమీటర్ల ‘ఎక్కరాని మేర’ ఉండాలి. ఆ మేరలో చెట్టు కొమ్మ, పూలకుండీ, ఏసీ యంత్రం, బార్బెక్యూ పొయ్యి, కొలను పంపు ఏవీ ఉండరాదు. శాశ్వత వస్తువులు సరే, కదిలే వస్తువుల విషయంలో ఏ ప్రమాణమూ పూర్తి రక్షణ ఇవ్వలేదు: మూడేళ్ళ పిల్లవాడు వరండాలోని ప్లాస్టిక్ కుర్చీని కంచె దాకా ఈడ్చుకొనిపోయి దాని మీదికెక్కి గేటు గడియ అందుకోగలడు. పొరుగింటి హద్దు గోడ కంచెలో భాగమైనచోట కనీస ఎత్తు 1800 మిల్లీమీటర్లు.

తనిఖీలలో తరచుగా బయటపడే లోపం కంచెలో కాక గేటులో ఉంటుంది. గేటు కొలను వైపుకు కాక బయటి వైపుకే తెరుచుకోవాలి. అలా అయితే పిల్లవాడు ఒళ్ళంతా ఆనించి నెట్టినా అది మరింత బిగుస్తుందే కాని తెరుచుకోదు. మడతబందులలోని స్ప్రింగు గేటును ఏ స్థితి నుంచి వదిలినా తనంతట తానుగా మూయాలి, గడియ తనంతట తానుగా పడాలి. పరీక్ష రెండు సార్లు చేస్తారు: బార్లా తెరిచి వదలడం ఒకటి, గడియ నాలుక చట్రానికి ఆనీ ఆనని చోట గేటును నిశ్చలంగా పట్టుకొని మెల్లగా వదలడం రెండోది. కొత్త గేటు రెండింటిలోనూ నెగ్గుతుంది. ఒకటి రెండేళ్ళ ఎండావానలకు స్తంభం కాస్త ఒరిగి, స్ప్రింగు వదులై, మొదటి పరీక్షలో పెద్ద చప్పుడుతో మూసుకొనే గేటే రెండో పరీక్షలో వేలెడు సందుతో నిలిచిపోతుంది. గడియ మీట నేల నుంచి కనీసం 1500 మిల్లీమీటర్ల ఎత్తున గాని, అంతకంటే కిందనైతే చేయి దూరకుండా కవచంతో గాని ఉండాలని ఆస్ట్రేలియా, 54 అంగుళాల ఎత్తున ఉండాలని అమెరికా నియమాలు చెబుతున్నాయి. ఇన్ని అంకెలనూ వమ్ము చేసేది అతిథుల రాకపోకల కోసం గేటు అడుగున పెట్టే ఒక్క ఇటుక.

ఇతర అడ్డు సాధనాలు

కొలను మూతలలో రెండు రకాలున్నాయి. బలమైన భద్రతా మూత ఇద్దరు పెద్దలూ ఒక పిల్లవాడూ కలిసి పైన నిలిచినా మోయగలిగేటట్లు అమెరికా ప్రమాణం ప్రకారం పరీక్షకు నిలవాలి. నీటిని వెచ్చగా ఉంచేందుకు పరిచే పలుచని బుడగల పట్టా వేరు. దాని మీద అడుగుపెట్టిన పిల్లవాడు జారి దాని కిందికే పోతాడు, పై నుంచి చూసేవారికి కనపడడు. కంచె లేకపోవడం కంటే ఈ పట్టా ప్రమాదకరమని భావించేవారున్నారు. నీటి కదలికను పసిగట్టే అలారాలు, తలుపు తెరుచుకోగానే మోగే అలారాలు, పిల్లవాడి మణికట్టుకు కట్టే పరికరాలు ప్రమాదాన్ని ఆపవు, జరుగుతున్నదని చెబుతాయి; అకారణంగా మోగి విసిగించడం వల్ల వాటిని ఆపివేసే అలవాటు సర్వసాధారణం.

నేల మీద నిలబెట్టే కొలనుల విషయం వేరు. వాటి గోడే కంచెగా పనిచేస్తుందన్న నమ్మకంతో ప్రత్యేక కంచె కట్టరు, కాని పక్కన వదిలేసిన నిచ్చెన ఆ గోడను నిరర్థకం చేస్తుంది. గాలి నింపే రకంలో అంచు మెత్తగా ఉండి, ఆనుకున్న పిల్లవాడి బరువుకు లోపలికి ఒరుగుతుంది. దుకాణంలో బొమ్మలాగా కొని తెచ్చుకొనే ఈ కొలనులకు అనుమతి, తనిఖీ వంటివి ఉండకపోవడం చట్టాల అమలులో ఉన్న పెద్ద లోటు.

చూషణ ప్రమాదాలు

కొలను అడుగున నీటిని పంపుకు లాగే రంధ్రం దగ్గర పుట్టే బలమైన చూషణ వల్ల పిల్లల జుట్టు, చేయి, కాలు లేదా శరీరమే అతుక్కుపోయి పైకి రాలేకపోవడం వేరే కోవకు చెందిన ప్రమాదం. ఈత వచ్చిన పిల్లవాడైనా, పక్కన పెద్దలున్నా దీనిలో చిక్కుకోవచ్చు. 2002లో ఏడేళ్ళ బాలిక వేడినీటి తొట్టెలో ఇలా మరణించిన తరువాత అమెరికా కాంగ్రెస్ ఆమె పేరుతో వర్జీనియా గ్రేమ్ బేకర్ కొలనుల భద్రతా చట్టాన్ని చేయగా, 2007 డిసెంబరులో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ సంతకంతో అది శాసనమై, ఏడాది తరువాత అమలులోకి వచ్చింది. చూషణ రంధ్రాలకు అతుక్కుపోవడానికి వీలులేని ఉబ్బెత్తు మూతలు, ఒక రంధ్రం మూసుకుపోయినా నీరు మరోదాని గుండా పోయేటట్లు దూరంగా అమర్చిన జంట రంధ్రాలు, చూషణ పెరగగానే పంపును ఆపే యంత్రాంగం దీనికి పరిష్కారాలు. తప్పనిసరి అమర్పు ప్రజా కొలనులకే అయినా, అమ్మకానికి వచ్చే మూతలన్నీ కొత్త ప్రమాణానికి లోబడాలన్న నియమం వల్ల ఇళ్ళ కొలనులకు కూడా ప్రయోజనం చేకూరింది.

చట్టాలు: దేశాల వారీగా

క్వీన్స్‌లాండ్ 2009 డిసెంబరు నుంచి దశలవారీగా నియమాలను కఠినం చేసి, పాత కొలనులు సైతం 2015 నవంబరు చివరికి ఒకే ప్రమాణానికి రావాలని గడువు పెట్టింది. న్యూ సౌత్ వేల్స్ చరిత్ర రాజీలతో నిండినది: 1990 ఆగస్టుకు ముందు కట్టిన కొలనులకు ఇంటి తలుపులు, కిటికీలు పిల్లలు తెరవలేనివైతే చాలునన్న మినహాయింపు 1992 చట్టంలో మిగిలిపోయింది, 2010 జూలై నుంచి కొత్త కొలనులన్నిటికీ నాలుగు వైపుల కంచె తప్పనిసరి అయింది. అక్కడ ప్రతి కొలనునూ ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయించి, గుండె–శ్వాస పునరుద్ధరణ పద్ధతిని చూపే ఫలకాన్ని గట్టున వేలాడదీయాలి. 2016 ఏప్రిల్ నుంచి కొలను ఉన్న ఇంటి అమ్మకపు ఒప్పందానికి తనిఖీ పత్రం జతచేయవలసి ఉంది. న్యూజీలాండ్ 1987 నాటి చట్టాన్ని 2016లో భవన నిర్మాణ చట్టంలో కలిపి, 2017 జనవరి నుంచి మూడేళ్ళకొకసారి తనిఖీని తప్పనిసరి చేసింది.

ఫ్రాన్స్ 2003 జనవరి 3 నాటి చట్టం ద్వారా నేలలో కట్టిన ప్రైవేటు కొలనులకు కంచె, మూత, అలారం, పైకప్పు షెడ్డు అనే నాలుగింటిలో ఏదో ఒకటి ఉండాలన్నది. 2006 నుంచి పాతవాటికి కూడా ఇది వర్తిస్తుంది, ఉల్లంఘిస్తే 45,000 యూరోల దాకా జరిమానా పడవచ్చు. అలారాన్ని కంచెతో సమానంగా ఎంచడం ఈ చట్టంలోని బలహీనత. అమెరికాలో దేశమంతటికీ వర్తించే కంచె చట్టం లేదు. ఫ్లోరిడా 2000 నాటి చట్టం కూడా ఫ్రాన్స్ లాగానే అనేక సాధనాలలో ఒకదానితో సరిపెట్టింది. కాలిఫోర్నియా తన 1996 నాటి చట్టాన్ని సవరించి 2018 నుంచి ఏడు సాధనాలలో కనీసం రెండు ఉండాలన్నది. టెక్సాస్ రాష్ట్ర చట్టం అద్దె అపార్టుమెంట్ల, గృహ యజమానుల సంఘాల కొలనులకు కంచెను నిర్దేశించి, విడి ఇళ్ళ సంగతిని నగరాలకు వదిలింది.

పర్యవేక్షణ, ఈత శిక్షణ

కొలనులో పిల్లలున్నప్పుడు పెద్దవారు చేయి చాచితే తాకగలిగే దూరంలో ఉండాలన్నది అమెరికా శిశువైద్యుల అకాడమీ సూచన. ఆస్ట్రేలియాలో రాయల్ లైఫ్ సేవింగ్ సొసైటీ ‘కీప్ వాచ్’ పేరుతో ఇదే విషయాన్ని ప్రచారం చేస్తున్నది. విందులలో పదిమంది పెద్దలు గట్టునే ఉన్నా పిల్లవాడు మునగడానికి కారణం, ప్రతివారూ మరొకరు చూస్తున్నారనుకోవడం. అందుచేత పావుగంటకొకసారి బాధ్యతను పేరు చెప్పి మరొకరికి అప్పగించే పద్ధతిని సూచిస్తారు. అయితే పర్యవేక్షణను ఏకైక రక్షణగా భావించడం, పిల్లవాడు కొలను దగ్గర ఉన్నాడని తెలియని సందర్భాలను, అంటే అత్యధిక సందర్భాలను, వదిలివేయడమే అవుతుంది.

నాలుగేళ్ళు నిండేదాకా ఈత పాఠాలు వద్దన్న తన పాత అభిప్రాయాన్ని అమెరికా అకాడమీ 2010లో సడలించి, 2019 నాటికి ఏడాది నిండిన పిల్లలకు వాటిని సిఫారసు చేసింది. రూత్ బ్రెనర్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం 1–4 ఏళ్ళ పిల్లలలో పద్ధతి ప్రకారం ఈత నేర్చినవారికి మునక ముప్పు 88 శాతం తక్కువగా ఉన్నట్లు చూపింది. పరిశీలించిన పిల్లల సంఖ్య తక్కువ కావడం వల్ల ఆ అంకెలో అనిశ్చితి పాలు ఎక్కువ. ఏడాదిలోపు శిశువులకు ఈత నేర్పడం వల్ల మునక ముప్పు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. చేతులకు తొడిగే గాలి పట్టీలు, నడుముకు వేసే గాలి చక్రాలు ఆటవస్తువులే కాని రక్షణ సాధనాలు కావు.

ప్రథమ చికిత్స

(చూ. గుండె–శ్వాస పునరుద్ధరణ.) పిల్లవాడు కనపడకపోతే మొదట వెతకవలసిన చోటు కొలను. మునకలో గుండె ఆగడానికి మూలం ప్రాణవాయువు లోపం కాబట్టి, పెద్దల గుండెపోటులో లాగా ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, నోటితో ఊపిరి ఊదడం తప్పనిసరి. ఐరోపా మార్గదర్శకాలు అయిదు శ్వాసలతో, అమెరికా మార్గదర్శకాలు రెండు శ్వాసలతో ప్రారంభించమంటాయి. తరువాత ఛాతీ లోతులో మూడో వంతు దిగేటట్లు నిమిషానికి 100 నుంచి 120 చొప్పున నొక్కుతూ, ఒక్కరే ఉన్నప్పుడు 30 నొక్కులకు రెండు శ్వాసలు ఇస్తారు. పిల్లవాడిని కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, కడుపు నొక్కి నీరు కక్కించడం వంటి పద్ధతులు ఊపిరితిత్తులలోని నీటిని తీయలేవు. కడుపులోని ఆహారం శ్వాసమార్గంలోకి చేరేటట్లు చేస్తాయి, విలువైన నిమిషాలను తినేస్తాయి. తేరుకున్నట్లు కనిపించినా, దగ్గు గాని ఆయాసం గాని మిగిలిన పిల్లవాడిని ఆస్పత్రిలో కొన్ని గంటలు పరిశీలనలో ఉంచాలి.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు, ప్రవాసులు

భారతదేశంలో జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో 38 వేలకు పైగా జనం నీట మునిగి మరణించారు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో మునక నివారణకు వ్యూహాత్మక ప్రణాళికను విడుదల చేసింది. ఇళ్ళ కొలనులకు కంచెను తప్పనిసరి చేసే కేంద్ర చట్టం లేదు. హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీలలోనూ, మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట పరిసరాలలో వారాంతపు విందులకు అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లలోనూ కొలనులు పెరుగుతున్నాయి. ఫామ్‌హౌస్ కొలనులు తరచుగా బంగళా వరండాకు ఆనుకొనే ఉంటాయి కాబట్టి, ఎకరం చుట్టూ ఎంత ఎత్తు ప్రహరీ ఉన్నా, లాస్ ఏంజెలిస్ అధ్యయనం చూపిన పరిస్థితే ఇక్కడా ఎదురవుతుంది.

తెలుగు ఇళ్ళలో పసిపిల్లలకు ఈతకొలను కంటే దగ్గరగా ఉండేది నేలలో కట్టిన నీటి సంపు. నీళ్ళు వదిలే రోజు మట్టం చూడటానికి తీసిన ఇనుప మూతను పక్కన పెట్టి మరిచిపోవడం, తుప్పుపట్టిన మూత వంగి సందు ఏర్పడటం ఇక్కడి ప్రధాన లోపాలు. సంపు నోరు ఇరుకు, గోడలు నిలువు, పట్టు దొరకదు, లోపల చీకటి. పడిన పిల్లవాడు పైనుంచి కనపడడు కాబట్టి వెతికేవారు అక్కడికి చివరగా వస్తారు. మడతబందుతో ఒక వైపు బిగించి తాళం వేసే మూత, దాని కింద శాశ్వతంగా అమర్చిన కమ్ముల జాలీ దీనికి తగిన ఏర్పాట్లు. జాలీ సందుల విషయంలో కంచెకు చెప్పిన నాలుగు అంగుళాల కొలతే వర్తిస్తుంది. బట్టలు నానబెట్టిన బకెట్లు, నీళ్ళ తొట్లు, వానాకాలంలో నిండిన పునాది గుంతలు కూడా ఈ కోవలోవే. (చూ. బోరుబావి ప్రమాదాలు, కోనేరు.)

టెక్సాస్, కాలిఫోర్నియా, అరిజోనా, ఫ్లోరిడా రాష్ట్రాలలోనూ ఆస్ట్రేలియా నగరాలలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో సొంత కొలను గాని, కాలనీ ఉమ్మడి కొలను గాని ఉన్నవారు అనేకులు. పగటిపూట పసివాడిని చూసుకొనేది చాలాసార్లు ఇండియా నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మ తాతయ్యలో, నాయనమ్మ తాతయ్యలో. వారికి పెరటి కొలనుతో గాని, అద్దాల జారుడు తలుపుతో గాని, గేటు గడియతో గాని పూర్వ పరిచయం ఉండదు, అత్యవసర పిలుపుకు అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000 నొక్కాలన్నది కూడా కొత్తే, ఎందుకంటే స్వదేశంలో వారికి అలవాటైనది 2005 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108. వచ్చిన మొదటి రోజే తలుపు పైగడియ, గేటు స్ప్రింగు, ఫోను నంబరు, ఇంటి చిరునామా చెప్పుకొనే తీరు వారికి చేసి చూపించడం ఆ ఇళ్ళలో కంచె తనిఖీతో పాటు జరగవలసిన పని.